మొదటి మాటకు ఊ అనని మనిషి

వెంకటరామి జన్మలో ఎవరి మొదటి మాటకూ ఊ అనలేదు. హచ్చొళ్ళి చుట్టుపక్కల మాగాణుల్లో పండిన వడ్లు కొని మిల్లులకు అమ్మే వ్యాపారం ఆయనది. రైతు ధర చెప్పగానే బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి, రెండు పంటికింద నలిపి, తుపుక్కున ఊసి, "తాలు ఎక్కువుండాదప్పా, తేమ ఆరలేదు" అనేవాడు. గింజ బంగారంలా ఉన్నా అదే మాట. సరుకును ముందు తిట్టాలి, ఆ తర్వాత పక్కకు నెట్టాలి. అవతలివాడే వెనక్కి వచ్చి రెండో మాట చెప్తాడు, అక్కడ మొదలవుతుంది వ్యాపారం. ఇదీ ఆయన వేదం. ఈ వేదంతోనే బళ్ళారి గాంధీనగర్‌లో మేడ కట్టాడు, లారీలు తిప్పాడు. ఈ వేదంతోనే పెళ్ళిచూపుల్లో రామలక్ష్మమ్మను చూసి, నచ్చి కూడా, "పిల్ల కొంచెం నలుపు, ఆలోచించి చెప్తాం" అని వాళ్ళ నాయనను కోతలయ్యేదాకా తిప్పుకున్నాడు.

రామలక్ష్మమ్మ ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోయే రకం కాదు ఆవిడ. కానీ మనసులో ఎంత ఉంటే ఏం లాభం, నోరు దాటి వస్తే కదా. కూరగాయల బండి దగ్గర తప్ప ఇంకెక్కడా ఆవిడ అవుననీ కాదనీ అన్నది లేదు. పాలవాడు ఎక్కువ పాలు పొయ్యనా అన్నా, చుట్టాలు పెళ్ళికి రమ్మన్నా, "మా ఆయప్పను అడగాల" అనేది. పెళ్ళయిన కొత్తలో భయంతో మొదలైన మాట, తర్వాత మర్యాద అయింది, ఆఖరికి ఊపిరి పీల్చినట్టు అలవాటైపోయింది.

అరవై దాటాక వెంకటరామి కిడ్నీలు రెండూ చెడిపోయాయి. షుగరు తినేసిందన్నారు. రోజు తప్పించి రోజు పోయి మిషన్ పక్కన పడుకుని రక్తం కడిగించుకోవాలి. బళ్ళారిలో ఏడాదికి రెండే కాలాలంటారు, ఎండాకాలం ఒకటి, మండే ఎండాకాలం ఇంకొకటి. అలాంటి ఊళ్ళో, తాగినది బయటికి పోయే దారి లేదు కాబట్టి, రోజంతా చిన్న సీసాడు నీళ్ళతో బతకమన్నారు. నాలుక పిడచకట్టుకుపోతుంటే మంచుముక్క చప్పరిస్తూ కూర్చునేవాడు. కూతురు చంద్రిక తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. "కాపురం చేసుకునే ఆడబిడ్డది నాకొద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటకు మాత్రం రామలక్ష్మమ్మ ఆయన్ని మెచ్చుకుంది. తనది ఇస్తానంటే డాక్టర్లు ఆవిడకూ షుగరుందని తోసేశారు.

ఇక మిగిలింది చనిపోయినవాళ్ళ కిడ్నీ. బెంగళూరు పెద్దాసుపత్రిలో పేరు రాయించారు. అక్కడి డాక్టరు దాచిపెట్టకుండా చెప్పాడు. "వయసు పిల్లల కిడ్నీ మీ వంతుకు రావడం కష్టం. ముసలివాళ్ళవి, బీపీ ఉన్నవాళ్ళవి అప్పుడప్పుడూ వస్తాయి. కుర్రవాళ్ళకు అవి పెట్టం, మీ వయసువాళ్ళకు పెడతాం. కొత్తదానిలా పని చేయదు, నిజమే. అయినా ఈ మిషన్ మీద బతికేదానికంటే ఎక్కువ కాలం బతుకుతారు, మనిషిలా బతుకుతారు. కాకపోతే గుండె గట్టిగా ఉన్నప్పుడే జరగాలి. మిషన్ మీద ఏళ్ళు గడిచేకొద్దీ గుండె దెబ్బ తింటుంది."

అలాంటి కిడ్నీ అయినా సరేనని కాగితం మీద సంతకం పెట్టమంటే వెంకటరామి పెట్టాడు. బయటికొచ్చి కారెక్కాక పెళ్ళాంతో అన్నాడు, "సంతకందేముండాది. సరుకు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం."

డయాలసిస్ సెంటర్లో పక్క మంచం కృపానందం మాస్టారుది. క్రైస్తవ మిషనరీల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, చర్చిలో పెద్ద. ఆయన పేరూ అదే ఆసుపత్రిలో ఉంది. "ప్రభువు ఏది ఇస్తే అదేనప్పా" అనేవాడు. వెంకటరామి నవ్వేవాడు. "ఏంది సార్, చెప్పిన రేటుకే తీసుకుంటారా? మీ దేవుడైనా సరే, కొంచెం గీసి అడగాల." మాస్టారు కూడా నవ్వేవాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒకే చెరసాలలో ఉన్నవాళ్ళకు కుదరక ఏం చేస్తుంది.

ఫోన్ వచ్చిన పొద్దు వెంకటరామి టిఫిన్ తింటున్నాడు. ఫోన్ తీసింది రామలక్ష్మమ్మ. అవతల బిందుశ్రీ, బెంగళూరు ఆసుపత్రిలో ఈ కిడ్నీల వ్యవహారం చూసే అమ్మాయి.

"ఆంటీ, కిడ్నీ ఒకటి వచ్చుండాది. అంకల్‌దే మొదటి పేరు. ఇచ్చేది అరవై ఎనిమిదేండ్ల ఆమె, బీపీ ఉండె, తలలో నరం తెగి పోయినారు. మా డాక్టర్లు చూసినారు, అంకల్‌కు సరిపోతాది అంటాండారు. బేగ చెప్పండి ఆంటీ. మీరు బేడ, వద్దు అంటే వెనక ఇంకొకరు కాసుకోనుండారు."

ఊ అనే మాట రామలక్ష్మమ్మ గొంతుదాకా వచ్చింది. చెప్పేసి, సంచి సర్దుకుని, మొగుణ్ణి కారెక్కించుకుని పోవడమే. కళ్ళముందు అంతా కనబడింది కూడా. కానీ నాలుక దాని పని అది చేసింది.

"మా ఆయప్పను అడగాలమ్మా," అని ఫోన్ ఆయన చేతికిచ్చింది.

వెంకటరామి ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని అంతా విన్నాడు. విన్నంతసేపూ ముఖం చిట్లించుకున్నాడు. ఆ చిట్లింపు రామలక్ష్మమ్మకు కొత్త కాదు. బస్తా విప్పినప్పుడల్లా చూసిందే.

"అరవై ఎనిమిదా? నాకన్నా పెద్దదే కదమ్మా. దానికి తోడు బీపీ. నేనేమన్నా గుజిరీ అంగడి పెట్టినానా, పాతవన్నీ నాకు తెస్తారు? ఇది నాకొద్దు. మంచిది వస్తే చెప్పు."

"అంకల్, ఖచ్చితంగా బేడనా? ఒకసారి ఆలోచించండి."

ఆలోచించండి అన్న మాట వినబడగానే వెంకటరామి పెళ్ళాం వైపు చూసి కన్ను గీటాడు. అవతలి పార్టీ మెత్తబడుతోందని ఆయన లెక్క. "ఆలోచించే చెప్తాండా," అని ఫోన్ పెట్టేశాడు.

"ఏందప్పా అట్లంటివి?" అంది రామలక్ష్మమ్మ.

"గమ్మునుండే. చూస్తాండు, వాళ్ళే మళ్ళీ చేస్తారు. ఇంకా చిన్న వయసుది చూపిస్తారు."

"అది వడ్ల బస్తానా?"

"ఏ సరుకైనా సరుకే. మొదటి మాటకే తల ఊపితే మనకు గతిలేదనుకుంటారు."

గతి లేదు కాబట్టే కదా ఈ తిప్పలు అని ఆవిడ అనాలనుకుంది. అనలేదు. ఆయన మాత్రం ఫోన్ పళ్ళెం పక్కనే పెట్టుకుని ఇడ్లీ తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి పోతూ దాన్ని జేబులో వేసుకున్నాడు. ఒకసారి మోగింది, లారీ డ్రైవరు. "పెట్టెయ్‌రా, లైన్ ఖాళీగా ఉండాల" అని కసిరాడు. మళ్ళీ మోగింది, ఎవరో అప్పు ఇస్తామని. వాళ్ళను బండబూతులు తిట్టాడు. మధ్యాహ్నానికి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు గానీ తను ఫోన్ చెయ్యడానికి మనసు రాలేదు. ముందు చేసినవాడు ఓడినట్టు కదా.

పొద్దు వాలాక ఆయన కునుకు తీసినప్పుడు రామలక్ష్మమ్మ ఆ ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయి తనే చేసింది. "మా ఆయప్ప ఒప్పుకుంటాండాడమ్మా" అని అబద్ధం కూడా చెప్పింది.

"అయ్యో ఆంటీ, ఇచ్చేసినాం. ఆపరేషన్ కూడా మొదలైంది," అంది బిందుశ్రీ.

ఆయన లేచాక ఆవిడ సంగతి చెప్పింది. వెంకటరామి ఆవిడ చేతిలోంచి ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు. తర్వాత, "పోతే పోనీలే. తాలు పోయింది, గింజ వస్తాది," అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రామలక్ష్మమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో, ఫోన్ చేతికి అందించిన తన చెయ్యి మీద అంతకు రెట్టింపు మండింది.

మర్నాడు సెంటర్‌కు పోతే పక్క మంచం ఖాళీ. "మాస్టారుకు బెంగళూర్లో కిడ్నీ పడింది, నిన్ననే," అని నర్సు సుందరమ్మ సంతోషంగా చెప్పింది. మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మొదట్లో మాస్టారుకు పెట్టిన కిడ్నీ పని చెయ్యలేదు. అక్కడ కూడా మిషన్ పెడుతున్నారని తెలిసి వెంకటరామి రెండు వారాలు హుషారుగా తిరిగాడు. "చెప్పలేదా నేను? పాత ఇంజను, యాడ స్టార్టవుతాది?" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. తర్వాత అది మెల్లగా పని మొదలుపెట్టిందని కబురొచ్చింది. ఆ రోజు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

కొన్ని నెలలకు మాస్టారు, భార్య జయశీలమ్మ ఇంటికి వచ్చారు. చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారట, పిలవడానికి వచ్చారు. మాస్టారు ముఖంలో ఆ బూడిదరంగు పోయింది. ఎండన పడి వచ్చారని రామలక్ష్మమ్మ మజ్జిగ ఇచ్చింది. అలవాటు కొద్దీ చిన్న గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన మొహమాటపడుతూ, "ఇంకొంచెం ఉంటే పెట్టమ్మా, దప్పిక అయితాంది" అన్నాడు. ఆవిడ చెంబుతో తెచ్చింది. మాస్టారు తలెత్తి చెంబుడూ గటగటా తాగాడు. వెంకటరామి ఆ గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాడు. ఆయన చేతిలో చిన్న సీసా ఉంది, అందులో సాయంత్రందాకా రావలసిన నాలుగు గుటకలు ఉన్నాయి.

"రక్తంలో మలినం, అదే క్రియాటినిన్, రెండుకంటే కిందికి దిగదంట," అన్నాడు మాస్టారు మూతి తుడుచుకుంటూ. "పెద్దామెది కదా, అంతే పని చేస్తాదంట. ఉన్నన్నాళ్ళు ఉంటాది. మిషన్ తప్పింది, అది చాలు. ఒక సంగతి చెప్పాలప్పా నీకు. నాకన్నా ముందు పేరున్నాయన ఎవరో ఈ కిడ్నీ వద్దన్నాడంట. అందుకే నాకొచ్చింది. ఆ మనిషి ఎవరో తెలీదు గానీ, దినామూ ప్రార్థనలో ఆయన్ని తలుచుకుంటా. ప్రభువు ఆయనకూ ఒక దారి చూపించాలని."

రామలక్ష్మమ్మ మొగుడి ముఖం వైపే చూస్తోంది. ఇప్పుడైనా నేనే ఆ మనిషిని అంటాడా, తప్పు చేశానంటాడా అని.

"ఎవడో తెలివైనోడు అయ్యుంటాడు సార్," అన్నాడు వెంకటరామి.

మాస్టారు మంచివాడు, నవ్వేశాడు. తర్వాత లేచి, బాత్రూం ఎక్కడమ్మా అని అడిగి లోపలికి పోయాడు. తలుపు వేసుకున్నాక ఆ చప్పుడు మొదలైంది. ధారగా, ఆగకుండా, హాలంతా వినబడేలా. జయశీలమ్మ సిగ్గుపడి, ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయని ఏదో చెప్పబోయింది. ఎవరూ వినలేదు. వెంకటరామి చొక్కా గుండీ పట్టుకుని, తల వంచుకుని, ఆ చప్పుడు ఆగిపోయేదాకా విన్నాడు. ఆయన ఒంట్లోంచి చుక్క బయటికి పోయి ఏళ్ళయింది.

వాళ్ళు పోయాక, "చానాసేపు పోసినాడు కదే," అన్నాడు మెల్లగా.

రామలక్ష్మమ్మ వంటింట్లోకి పోయి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ మంచి మనిషి మీద కూడా ఆవిడకు కడుపు మండింది. ఆ కిడ్నీ ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది, కానీ అనుకుంది.

ఆ తర్వాత అంతా దిగడమే. చేతిలో సూది గుచ్చే నరం మూసుకుపోయింది. మెడలో గొట్టం వేశారు. దానికి చీము పట్టి జ్వరాలు వచ్చాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. వడ్ల బస్తాను ఒంటిచేత్తో తిరగేసిన మనిషి చెంబు ఎత్తలేకపోయాడు. బజారులో ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆయన మాత్రం ఫోన్ దిండుకింద పెట్టుకుని, "చార్జింగ్ ఉండాదా చూడు, వాళ్ళు చేస్తే?" అని పూటకోసారి అడిగేవాడు.

ఆ ఫోన్ రానే వచ్చింది. ఈసారి తీసింది ఆయనే. బిందుశ్రీ గొంతు గుర్తుపట్టగానే, ఆ పిల్ల వయసు చెప్పకముందే, బీపీ సంగతి ఎత్తకముందే, "ఒప్పుకున్నానమ్మా, ఒప్పుకున్నా, వస్తాండాం" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొదటి మాటకు ఊ అన్నాడు. కిడ్నీ డెబ్బై రెండేళ్ళాయనదని కారులో పోతుండగా రామలక్ష్మమ్మ బిందుశ్రీకి ఫోన్ చేసి అడిగితే తెలిసింది. "ఏదైతేనేమే," అన్నాడు. దారి పొడవునా ఆవిడ చెయ్యి వదలలేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, గుండెకు స్కానింగ్ చేశారు. గుండె డాక్టరు ఒకసారి చూసి, ఇంకో డాక్టర్ని పిలిచి మళ్ళీ చూశాడు. తర్వాత వచ్చి చక్రాల కుర్చీ పక్కన కూర్చుని చెప్పాడు.

"గుండె చాలా బలహీనపడింది పెద్దాయనా. మత్తు ఇస్తే మీరు లేవరు. మీకు పెడితే మీరూ దక్కరు, కిడ్నీ కూడా వృథా అవుతుంది. ఇంకొకరికి ఇస్తున్నాం. ఏమీ అనుకోవద్దు."

"ఇంకోసారి చూడప్పా. పొద్దున్నుంచి తిండి లేదు, అందుకే అట్ల కొట్టుకుంటాండాది," అన్నాడు వెంకటరామి. "టేబుల్ మీద పోయినా మీ పూచీ లేదని రాసిస్తా." డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "పోనీ రెండు దినాలు ఈడనే ఉంచుకోని మందులిచ్చి చూడు." డాక్టరు ఆయన భుజం తట్టి లేచి వెళ్ళిపోయాడు. ఏ మాటకూ ఆ డాక్టరు దగ్గర రెండో మాట లేదు. నలుగురూ చూస్తుండగా వెంకటరామి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రామలక్ష్మమ్మకు కన్నీళ్ళు రాలేదు. ఏడవడానికి ఏముంది, ఆయన కథ ఆ టిఫిన్ పళ్ళెం దగ్గరే అయిపోయిందని ఆవిడకు తెలుసు.

అదే వరండాలో, డాక్టరు మాటలు వినబడనంత దూరంలో, బెంచీ మీద ఇంకో జంట ఉంది. హనుమేష్, ఆయన భార్య ఉచ్చంగెమ్మ. దేశనూరు రైతులు. మొదటి మనిషికి కుదరకపోతే ఉండాలని ఆసుపత్రివాళ్ళు వీళ్ళనూ పిలిపించారు. బిందుశ్రీ వచ్చి వాళ్ళతో మాట్లాడి, కిడ్నీ వయసూ అదీ చెప్పి, డాక్టర్లు సరేనన్నారు, ఇక మీరే చెప్పాలంది. ఉచ్చంగెమ్మ మొగుడి ముఖం చూసింది. హనుమేష్ గడ్డం గోక్కుంటూ వెంకటరామి దగ్గరికి వచ్చాడు. పదేళ్ళు ఆయనకు వడ్లు తోలినవాడే.

"సావుకారప్పా, గుర్తుపట్టినారా? మీరు సరుకు తెలిసినోళ్ళు. డెబ్బై రెండేండ్లదంట. నాకింకా అరవై కూడా లేదు. తీసుకోమంటారా?"

కన్నీళ్ళింకా ఆరలేదు, వెంకటరామి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ముఖం చిట్లించాడు. పోయిందనుకున్న గొంతు తిరిగి వచ్చింది.

"వద్దప్పా. ముసల్ది. పనికిరాని సరుకు. ముందు నాకే ఇస్తామన్నారు, నేనే వద్దని చెప్పినా. కొన్నాళ్ళు తాళు, మంచిది వస్తాది."

"మీరే వద్దన్నారా?"

"మరి? నేను తీసుకోనిది నువ్వెట్ల తీసుకుంటావు?"

హనుమేష్ వెనక్కి తిరిగి బిందుశ్రీ వైపు చూసి, వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు.

"అబద్ధం," అంది రామలక్ష్మమ్మ.

ఆ గొంతు తనదేనా అని ఆవిడే ఉలిక్కిపడింది. కానీ ఆగలేదు. "మా ఆయప్ప వద్దనలేదు. డాక్టర్లే మా ఆయప్పను వద్దన్నారు. గుండె పోయిందంట. పోయినసారి ఇట్లాంటిదే వస్తే ముసల్దని ఫోన్ పెట్టేసినాడు. మళ్ళీ చేస్తారని కాసుకోని కూర్చున్నాడు. అది తీసుకున్నాయన ఈపొద్దు తన కాళ్ళమీద తాను తిరుగుతాండాడు. మేము ఇట్ల ఉండాం, చూడు. పోయి ఊ అను."

"ఏమే," అన్నాడు వెంకటరామి. అంతకుమించి ఊపిరి చాలలేదు.

హనుమేష్ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, బిందుశ్రీ వెంట లోపలికి పోయాడు. ఉచ్చంగెమ్మ గబగబా వచ్చి రామలక్ష్మమ్మ కాళ్ళు పట్టుకోబోయింది. ఆవిడ నిప్పు తొక్కినట్టు కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నా కాళ్ళు ముట్టొద్దు తల్లీ. నీ మొగుడు బతకాలని చెప్పలేదు నేను. నా మొగుడికి రానిది ఎవరికి పోతే నాకేం? మట్టిలో కలిసిపోయినా ఏడ్చేదాన్ని కాదు. ఈయప్ప మాట ఒక్కసారన్నా కాదనాలని చెప్పినా, అంతే. పో, నీ మొగుడి దగ్గర ఉండుపో."

ఉచ్చంగెమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. రామలక్ష్మమ్మ కుర్చీ వెనక్కి పోయి లిఫ్టు వైపు తోసింది. కారు కోసం గేటు దగ్గర ఆగినప్పుడు వెంకటరామి తల తిప్పకుండానే అన్నాడు, "నలుగురిలో నా మాట తీసేసినావు కదే."

"తీసేసినానప్పా," అంది ఆవిడ. "ఆ పొద్దు ఫోన్ నా చేతిలో ఉన్నప్పుడే తీసెయ్యాల్సింది."